అర్ధవీటి సీమ వానల చరిత్ర

రాజుల చరిత్రలు వ్రాయబడినవి; కోటల చరిత్రలు, దేవాలయముల చరిత్రలు వ్రాయబడినవి. మన సీమలో అందరికంటె పెద్ద ప్రభువు వాన. అది దయచూపిన ఏట పెండ్లిండ్లు జరుగును, అప్పులు తీరును. మొగము చాటువేసిన ఏట ఇండ్లకు తాళములు పడును, జనము పనులు వెదకుకొనుచు పరదేశము పట్టుదురు. అట్టి ప్రభువునకు మన గ్రామములలో చరిత్ర వ్రాసినవారు అరుదు.

గ్రామపు లెక్కలు వ్రాయువానికి ఈ లోపము అడుగడుగున తోచుచుండును. ఫసలీ యను మాటకే పంట సంబంధమైన అర్థము కలదు. అడంగలులో ప్రతి సర్వే నంబరునకు ఎదురుగా పైరు పేరు, సాగైన విస్తీర్ణము, నీటి ఆధారము వ్రాయుదుము. ఆ పుటలలో పైరు కానవచ్చును; ఆ పైరును నిలిపిన వాన ఏనాడు ఎంత కురిసెనో కానరాదు.

పెద్దలను అడిగినచో, "పూర్వము నెలకు మూడు వానలు కురిసెడివి, ఇప్పుడు కాలము చెడినది" అందురు. ఈ మాట వినుటకు ఇంపుగా నున్నది. ఇది నిజమేనా? నిజము కానిచో మన పూర్వులు ఈ కొండ క్రింద ఇన్ని శతాబ్దములు ఎట్లు నిలిచిరి? ఈ రెండు ప్రశ్నలను మన గ్రంథాలయ రజతోత్సవ సందర్భమున చదువరుల యెదుట ఉంచి, పుస్తకముల వలనను లెక్కల వలనను తెలిసినంతవరకు సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

దేశస్థితి

అర్ధవీడు నల్లమల కొండల తూర్పు పాదమున, కంభమునకు చేరువ నున్నది. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు 1970 వరకు కర్నూలు జిల్లాలో నుండి, ఆ సంవత్సరము కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి. 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పేరు పెట్టబడెను. జిల్లాలు మారినను కొండ మారలేదు. కొండ నీడ మారలేదు.

నైరుతి ఋతుపవనము అరేబియా సముద్రమునుండి బయలుదేరి, పడమటి కనుమలమీద తన భారమును చాలవరకు దింపుకొని, కన్నడ దేశము దాటి, మిగిలిన తేమతో మనవైపు వచ్చును. ఆ మిగిలిన దానిలోను నల్లమల శిఖరములు తమ పాలు పుచ్చుకొనును. అందుచేత జూన్, జూలై మాసములలో మబ్బులు మన తలలమీదుగా పరుగులు తీయుచుండును గాని నిలిచి కురియుట తక్కువ. ఇక ఈశాన్యపు వానలు అక్టోబరు, నవంబరు మాసములలో బంగాళాఖాతపు వాయుగుండములతో వచ్చును. సముద్రము మనకు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. తీరమున కుండపోతగా కురిసిన వాయుగుండము మనదాక వచ్చుసరికి అలసిపోవచ్చును; లేదా నల్లమలకు తగిలి, ఒక్క రాత్రిలో గుండ్లకమ్మను గట్లు దాటింపవచ్చును. రెండు ఋతుపవనములకును మనము కడపటి పంక్తిలో కూర్చున్న అతిథులము. వడ్డన చివరివరకు అందుట ఆ యేటి అదృష్టము.

పూర్వపు ప్రకాశము జిల్లా సగటు వర్షపాతము ఏటికి సుమారు 870 మిల్లీమీటర్లనియు, పూర్వపు కర్నూలు జిల్లాది సుమారు 670 మిల్లీమీటర్లనియు లెక్క. తీరమునుండి పడమటికి జరుగుకొలది వర్షము తగ్గును. వేసవిలో వడగాలి వీచు దినములలో ఎండ 44, 45 డిగ్రీలు ముట్టును. ఎఱ్ఱ చెల్కలలో జొన్న, సజ్జ, కొర్ర, కంది, ఆముదములు పూర్వమునుండి పండుచు వచ్చుటకు కారణము ఇదియే. ఇవి కొద్దిపాటి పదునుతో మొలచి, కొంత బెట్టకు ఓర్చుకొను పైరులు. వరి, పసుపు మొదలైనవి చెరువు క్రింది మాగాణి భాగ్యములు.

కార్తెలు, కొలతలు

మన రైతు వానను తేదీలతో లెక్కింపడు, కార్తెలతో లెక్కించును. సూర్యుడు ఒక్కొక్క నక్షత్రమున నుండు పదుమూడు పదునాలుగు దినములు ఒక కార్తె. మే నెల చివరి వారమున రోహిణి ప్రవేశించును. అప్పటి ఎండకు రోళ్ళు పగులునని సామెత. జూన్ 7, 8 తేదీలకు మృగశిర, 21, 22 తేదీలకు ఆరుద్ర వచ్చును. ఆరుద్ర కురిసిన దారిద్ర్యము లేదందురు. ఆగస్టు నడుమ మఖ, నెలాఖరున పుబ్బ వచ్చును; ఈ రెండును వరుపులైనచో మహాక్షామమని పెద్దల హెచ్చరిక. మెట్టపైరు వెన్ను తీయు సమయము అది. ఈ సామెతలలో కవిత్వముకంటె లెక్క ఎక్కువగా నున్నది. ఏ వాన ఏ పైరునకు ఎప్పుడు కావలెనో చదువురాని వానికి గూడ గుర్తుండునట్లు చెప్పిన పంచాంగము అది.

ఇచ్చట ఒక సూక్ష్మము గమనింపదగినది. కార్తెలు నక్షత్రముల ననుసరించునవి. ఋతువులు సూర్యుని అయనముల ననుసరించునవి. ఈ రెంటికిని సుమారు 72 సంవత్సరముల కొక దినము చొప్పున ఎడము పెరుగుచున్నది. నిజమైన ఉత్తరాయణము డిసెంబరు 22 ప్రాంతమున ఆరంభము కాగా, మనము మకర సంక్రాంతిని జనవరి 14, 15 తేదీలలో చేసికొనుట ఇందువలననే. ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుని కాలమున ఆరుద్రలో కురిసిన వాన, నేటి లెక్కకు రోహిణి చివరను, మృగశిర మొదటను కురియవలసి యుండును. కావున బృహత్సంహితలోని మాటను నేటి కార్తెకు అట్లే తగిలించి, "శాస్త్రము తప్పినది" అనుట న్యాయము కాదు. తెలుగు సామెతలు అంత ప్రాచీనములు కావు గనుక వానికి పట్టిన ఎడము కొద్ది దినములే.

మన పూర్వులు వానను ఊహతోనే విడిచిపెట్టలేదు, కొలిచిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున, కోష్ఠాగారమునందు మూర వెడల్పు నోరుగల కుండమును వర్షమానముగా నిలుపవలెనని విధించబడినది. జాంగల దేశమునకు 16 ద్రోణములు, అవంతికి 23 ద్రోణములు వర్షప్రమాణముగా చెప్పి, గోదావరీ పరిసరమున నుండినదని పండితులు చెప్పు అశ్మక దేశమునకు జాంగలముకంటెను తక్కువ చెప్పెను. వరాహమిహిరుడును హస్తప్రమాణపు పాత్రతో వర్షమును కొలుచు రీతిని చెప్పెను.

ఐతే కౌటిల్యుని మాటలలో మన సీమకు మిక్కిలి పనికివచ్చునది వేరొకటి కలదు. నాలుగు నెలల వర్షకాలమున మొదటి, చివరి నెలలలో మూడవవంతును, నడిమి రెండు నెలలలో మిగిలిన రెండువంతులును కురిసినచో అది మంచి వర్షమని ఆయన అభిప్రాయము. అనగా ఎంత కురిసెననుట ఒక ప్రశ్న. ఎట్లు కురిసెననుట మరియొక ప్రశ్న. ఒక సెంటు నేలమీద ఒక మిల్లీమీటరు వాన కురిసినచో సుమారు 40 లీటర్ల నీరు. ఎకరమున 600 మిల్లీమీటర్లు కురిసిన ఏట సుమారు 24 లక్షల లీటర్లు. ఇది అల్పమైన నీరు కాదు. అది కొద్ది దినములలో వచ్చి, కొద్ది గంటలలో వాగులబడి పోవుటయే మన కష్టము.

రెండు మహాక్షామములు

నెలకు మూడు వానలను మాటను ఇక చరిత్రతో పోల్చి చూతము. నందన సంవత్సరమున, అనగా 1832–33లో గుంటూరు సీమను పాడుచేసిన క్షామమును జనులు నందన కరువని పిలిచిరి. ఆ జిల్లాలోని సుమారు ఐదులక్షల జనములో మూడవవంతు వరకైనను నశించినట్లు నాటి అధికారుల అంచనాలు చెప్పుచున్నవి. అది మన తూర్పు పొరుగు.

అంతకంటె మనకు దగ్గరగా తగిలినది ధాత కరువు. 1876లో నైరుతి వానలు చాలలేదు. అటుపిమ్మట ఈశాన్యపు వానలు తప్పినవి. 1877లో నైరుతి వానలు మరల తప్పినవి. మన సీమ ఒక ఋతుపవనము తప్పినచో రెండవదానితో, ఒక ఏడు తప్పినచో పాతర గింజలతో నెట్టుకొని రాగలదు. వరుసగా మూడు ఆశలు తప్పినపుడు నిలువలేకపోయినది. చెన్నపురి రాజధానిలో కర్నూలు, బళ్ళారి, కడప జిల్లాలు మిక్కిలి దెబ్బతిన్నవి. మన గ్రామములు నాడు కర్నూలు జిల్లాలోనివి. 1871 జనాభా లెక్కకును 1881 లెక్కకును నడుమ ఆ జిల్లా జనము సుమారు నాలుగవవంతు తగ్గెను. పది సంవత్సరములలో జనము పెరుగుటకు మారుగా నలుగురిలో నొకరు లేకపోయిరి. లెక్కలు వ్రాయువాడు ఈ అంకెను వ్రాసి ముందునకు పోజాలడు, కలము ఆగును. ప్రతి నాలుగిండ్ల వీథిలో ఒక యిల్లు మాసిపోయినట్లు భావించుకొనుడు.

నాటి ప్రభుత్వము కరువు పనులు పెట్టెను. 1877 జనవరిలో పరిశీలనకై వచ్చిన సర్ రిచర్డు టెంపులు, దినమంతయు పనిచేయు పురుషునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, దానిపై ఒక అణాను కూలిగా నిర్ణయించెను. అది ప్రాణము నిలుపుటకు చాలదని చెన్నపురి ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిషు వాదించెను. ఆ వాదము సాగుచుండగనే పనిమూకలలో జనము రాలిపోయిరి. కరువు తీరిన పిమ్మట ఏర్పడిన క్షామ విచారణ సంఘము 1880లో తన నివేదిక నిచ్చెను. అనావృష్టి మొట్టమొదట పోగొట్టునది కూలిపనిని అని ఆ సంఘము గుర్తించినది. గింజ అంగడిలో ఉన్నను, కొనుటకు కూలివాని చేత కాసు లేదు. ఈ జ్ఞానముతోనే 1883లో క్షామ నిబంధనలు ఏర్పడినవి. నల్లమలను చీల్చుకొని నంద్యాల, గిద్దలూరు, కంభము, మార్కాపురముల మీదుగా బెజవాడకు పోవు ఇనుపదారియు కరువులను తలచుకొని వేసిన మార్గములలోనిదే. కరువునాట పనిని హక్కుగా కోరవచ్చునను ఉపాధిహామీ పథకము 2006 ఫిబ్రవరి 2వ తేదీన అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ఆరంభమగుటకు నూటముప్పది యేండ్ల వెనుకటి ఆ పాఠము పునాదులలో నొకటి యనవచ్చును.

ధాత పేరు 1936లోను, 1996లోను తిరిగి వచ్చినది. ఆ మహాక్షామము తిరిగి రాలేదు. కావున సంవత్సరపు పేరులో కీడు లేదు. దాని మూలము మనకు వేలకొలది మైళ్ళ దూరముననున్న పసిఫిక్ మహాసముద్రమున నుండెను. అచ్చటి నీరు కొన్ని యేండ్ల కొకసారి అధికముగా వేడెక్కును. ఎల్ నినో యని దానికి పేరు. 1877లో అది మిక్కిలి తీవ్రముగా నుండెను. ఆ కాలముననే చైనా, బ్రెజిలు దేశములును క్షామముపాలైనవి. 1904 నుండి 1924 వరకు భారత వాతావరణ శాఖ అధిపతిగా నుండిన సర్ గిల్బర్టు వాకరు, దూరదేశముల వాయుపీడనములకును మన వానలకును గల సంబంధమును లెక్కలు కట్టి కనిపెట్టెను. 2002, 2009, 2015 సంవత్సరములలో వానలు తగ్గినపుడును పసిఫిక్ సముద్రము వేడిగానే యున్నది. కాని 1997లో అది అత్యంత తీవ్రమైనను దేశమున వాన తక్కువ కాలేదు. కావున సముద్రమును చూచి జాగ్రత్త పడవచ్చును గాని జాతకము చెప్పరాదు.

ఈ వృత్తాంతము వలన తేలిన దేమనగా, నెలకు మూడు వానల కాలము మంచి సంవత్సరముల జ్ఞాపకమే గాని పూర్వకాలమంతటి చరిత్ర కాదు. వరుపులు నాడును కలవు, నేడును కలవు.

పూర్వుల సమాధానము

మరి పూర్వులు ఎట్లు నిలిచిరి? దీనికి సమాధానము రాతిమీద వ్రాయబడి యున్నది. గిద్దలూరునకు దక్షిణముననున్న పోరుమామిళ్ల చెరువు కట్టకడ, బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు 1369లో వేయించిన సంస్కృత శాసనము కలదు. చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను అందు చెప్పిరి. దృఢమైన నేల, దూరమునుండి వచ్చు తీయని నీటి యేరు, ఆ యేటిని ఒరసికొను కొండలు, రాతితో గట్టిపరచిన కట్ట, జలశాస్త్రము తెలిసిన విద్వాంసుడు మొదలైనవి అంగములు. కట్ట నీరు కారుట, చవుడు నేల, రెండు రాజ్యముల సరిహద్దున నుండుట, చెరువు నడుమ మిట్ట, నీరు కొద్దియై ఆయకట్టు విస్తారమగుట, నీరు విస్తారమై ఆయకట్టు కొద్దియగుట – ఇవి దోషములు. దినమునకు వేయిమంది కూలీలు, రాతికై నూరు బండ్లు, రెండేండ్లు పని జరిగెనని గూడ వ్రాసిరి. చివరి రెండు దోషములను చూడుడు. నీటికిని నేలకును సరిపోవు లెక్క లేనిదే చెరువు చెరువు కాదని ఆరున్నర శతాబ్దముల క్రిందటనే మన పొరుగున చెప్పిరి.

ఇక మన కంభము చెరువు. గజపతి రాజపుత్రిక, శ్రీకృష్ణదేవరాయల దేవేరి యగు వరదరాజమ్మ 1522–1524 ప్రాంతమున దీనిని కట్టించినట్లు ప్రసిద్ధి. రెండు కొండల సందున గుండ్లకమ్మకు అడ్డముగా కట్ట వేసిరి. జంపలేటి నీరును ఇందులోనికే వచ్చును. ఇరువదవ శతాబ్ది ఆరంభపు గెజిటీరు లెక్క ప్రకారము కట్ట ఎత్తు 57 అడుగులు, జలవిస్తీర్ణము సుమారు 15 చదరపు మైళ్ళు, పారుదల సుమారు 10,300 ఎకరములు. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల సంఘము దీనిని వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తించినది.

ఈ చెరువు చేసిన పని యేమి? అది ఒక్క చినుకునైనను అదనముగా కురిపించలేదు. నల్లమలలో ఒక రాత్రి కురిసి మరునాటికి సముద్రము దారి పట్టు నీటిని నెలల తరబడి ఆపినది. వాన నాలుగు దినములది. సేద్యము నాలుగు నెలలది. ఈ రెంటి నడుమ వంతెన కట్ట. పెద్ద చెరువు వెంట చిన్న చెరువులు, కుంటలు, దొరువులు, చెలమలు అన్నియు ఈ ధర్మమునకే ఏర్పడినవి. పూర్వులకు మంచి వానలుండుటచేత వారు నిలువలేదు. చెడ్డ వానలు తప్పవని తెలిసి కట్టలు కట్టుటచేత నిలిచిరి.

నేటి స్థితి, మన కర్తవ్యము

పిమ్మట బోరుబావులు వచ్చినవి. అవి మొదట వరముగా నుండెను. చెరువు అందరికి కనబడును. దాని మట్టము చూచి ఊరంతయు ఆ యేటి సేద్యమును నిర్ణయించుకొనును. భూగర్భజలము కనబడదు గనుక ఎవనికి వాడు తవ్వుకొనిపోవును. లోతు పెరిగినకొలది ఖర్చు పెరిగినది. పశ్చిమ ప్రకాశమున అనేక గ్రామముల నీటిలో ఫ్లోరైడు దోషమును బయటపడినది. నల్లమలకు ఆవల కృష్ణ పారుచుండగా ఈవల మనము మబ్బులు చూచుట ఏమని, కొండను తొలిచి శ్రీశైలపు నీటిని తెచ్చుటకు వెలిగొండ పథకమునకు 1996లో శంకుస్థాపన జరిగెను. సుమారు 18.8 కిలోమీటర్ల పొడవుగల సొరంగములలో మొదటిదాని త్రవ్వకము 2021లోను, రెండవదాని త్రవ్వకము 2024లోను ముగిసినవి. కృష్ణ నీరు ఎంత వచ్చినను మెట్టపొలములన్నిటికి అందదు. ఆ పొలములకు వానయే ఆధారము.

2009 సంవత్సరమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నైరుతి ఋతుపవనమున దేశమంతట 22 శాతము లోటు. ఆ ఋతువు ముగిసిన రెండు దినములకే, అక్టోబరు 2వ తేదీన, మన పాత జిల్లా కేంద్రమగు కర్నూలు పట్టణము వరదలో మునిగిపోయినది. ఒకే ఏట కరువును వెల్లువయు. భూమి వేడెక్కుకొలది గాలి మరింత తేమను మోయగలదనియు, కురిసినపుడు ఒక్కుమ్మడిగా కురియుట పెరుగుననియు శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. నీరు నిలుపు విద్య పూర్వులకంటె మనకే ఎక్కువ అవసరమని దీని అర్థము. పూడిక తీయుట, కట్టలు కాపాడుట, అలుగులు, కాలువలు ఆక్రమణలకు లోబడకుండ చూచుట – ఇవి చేయవలసినవారికి చెప్పవలసిన మాటలు. మనయంతట మనమే చేయగలిగిన పని మరియొకటి కలదు.

అది వానలెక్క. పాలకవర్గమువారికి నా విన్నపము ఇది. గ్రంథాలయపు ఆవరణమున చెట్టు, చూరు అడ్డములేని చోట ఒక వర్షమాపకమును నిలుపుడు. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు కొలిచి, గట్టి బైండు పుస్తకమున తేదీ, కార్తె, మిల్లీమీటర్లు వ్రాయింపుడు. రెండున్నర మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని కురిసిన దినమును వానదినముగా లెక్కింపుడు. వాతావరణ శాఖవారి పద్ధతియు ఇదియే. ప్రక్కగడిలో ఆ వారమున ఏ పైరు విత్తిరో, ఏది ఎండెనో, చెరువు ఎంత నిండెనో ఒక్క వాక్యము చేర్పుడు. ఇందుకు పాండిత్యము అక్కరలేదు, బడిపిల్లలు చాలుదురు. క్రమము తప్పకుండుటయే ఇందలి విద్య.

ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయము ఇతరులు వ్రాసిన పుస్తకములను భద్రపరచినది. మన వాన పుస్తకమును మనకొఱకు ఇతరు లెవ్వరును వ్రాయరు. నందన, ధాత కరువులలో మన గ్రామములలో ఏ వాన ఎప్పుడు తప్పెనో చెప్పు కాగితము మన చేత లేదు. మన మనుమలు ఆ మాట మనల గూర్చి అనకుందురు గాక. స్వర్ణోత్సవ సంచిక వెలువడునాటికి ఇరువదియైదు సంవత్సరముల లెక్క దినము తప్పకుండ సిద్ధముగా నుండినచో, ఆనాటి రైతు ఏ కార్తెలో గొర్రు కట్టవలెనో, ఏ కుంటకు ముందు మరమ్మతు చేయవలెనో ఆ పుస్తకమును తెరచి చూచి నిర్ణయించుకొనగలడు. వచ్చు మృగశిర కార్తెకు మొదటి పుట మొదలగుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాను.